పక్కింట్లో పగవాడుండాలి

పొద్దున్నే లైటు వేసేసరికి ఆడచేప తొట్టె పైమూలన, హీటర్ గొట్టం వెనక నిలువుగా నక్కి ఉంది. తోక సగం లేదు. ఒక పక్క పొలుసులు రాలిపోయి ఒళ్ళు తెల్లగా కనబడుతోంది. రెండు రోజుల కిందట ఇదే జంట ఒకే పూలకుండీలో దూరి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నోళ్ళతో ఇసుక తోడిపోస్తుంటే చూసి మురిసిపోయాను. ఇప్పుడు మగచేప ఆ కుండీ ముందు కాపలా కాస్తోంది. ఎవరు వస్తారని కాపలా? తొట్టెలో ఇంకెవరూ లేరు. నేనే తీసేశాను. జంట కుదిరింది కదా, ఇక ప్రశాంతంగా గుడ్లు పెట్టుకుంటాయని మిగతా చేపలన్నిటినీ ముందురోజు సాయంత్రమే వేరే తొట్టెలోకి మార్చాను.

ఆ ప్రశాంతతే కొంప ముంచింది. అదెలాగో నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క సంగతి గురించే అనుకోవచ్చు.

ఈ చేప పేరు కాన్విక్ట్ సిక్లిడ్. బూడిదరంగు ఒంటి మీద ఎనిమిదో తొమ్మిదో నల్లటి నిలువు పట్టీలుంటాయి. పాత సినిమాల్లో ఖైదీ చొక్కాలా ఉంటుంది కాబట్టే ఆ పేరు. సొంత ఊరు మధ్య అమెరికా: గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్ ప్రాంతాల వాగులు, సరస్సులు. 1867లో ఆల్బర్ట్ గుంథర్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడు దీని ప్రజాతి పేరు అమటిట్లానియా. గ్వాటెమాలాలోని అమటిట్లాన్ సరస్సు మీదుగా 2007లో పెట్టిన పేరది. మగది పన్నెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆడది ఇంకా చిన్నది. రంగుల సంగతిలో మాత్రం ఇక్కడ లోకరీతి తిరగబడింది. పక్షుల్లోనూ చేపల్లోనూ సాధారణంగా మగవాటికే సింగారం ఎక్కువ. కాన్విక్టుల్లో పొట్ట మీద నారింజరంగు మెరుపు ఆడదానికే ఉంటుంది. దుకాణంలో జంట ఎంచుకోవడానికి ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు.

సిక్లిడ్లంటే చిన్న కుటుంబం కాదు. 1,700కు పైగా జాతులున్నాయి. అక్వేరియం దుకాణాల్లో కనిపించే ఏంజెల్, ఆస్కర్, డిస్కస్, నుదుటి మీద బుడిపెతో తిరిగే ఫ్లవర్‌హార్న్ అన్నీ ఈ వంశానివే. మన చేపల బజారులో చవగ్గా దొరికే తిలాపియా కూడా ఇదే. వీటికి ఉన్న చెడ్డపేరు ఒక్కటే: పోట్లాటలు. దుకాణం కుర్రాడు గోల్డ్ ఫిష్ అమ్మేటప్పుడు ఏమీ చెప్పడు గానీ, సిక్లిడ్ సంచి చేతికిస్తూ మాత్రం "దీన్ని వేటితోనూ కలపకండి సార్" అంటాడు.

అయితే ఆ కోపం ఎందుకోసమో చూడాలి. మన బొచ్చె, శీలావతి చేపల్ని తీసుకోండి. వరద నీటిలో లక్షల గుడ్లు వదిలి తమ దారిన తాము పోతాయి. అందులో పదో పరకో బతికితే చాలు. తల్లికీ తండ్రికీ పిల్లలతో పని లేదు, కాబట్టి ఎవరితోనూ తగువూ లేదు. కాన్విక్ట్ జంట పెట్టేది సుమారు వందా, మూడొందల మధ్య. అంత తక్కువ పెట్టి ఊరుకుంటే వంశం మిగలదు. అందుకని గుడ్లు పెట్టిన గంట నుంచి పిల్లలు అంగుళం కూడా లేని వయసు దాకా, వారాల తరబడి, తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా ఉంటారు. కాపలాకి చోటు కావాలి. చోటు కావాలంటే పక్కవాణ్ణి తరమాలి. మనం కోపిష్ఠితనం అంటున్నది నిజానికి పిల్లల పెంపకం తాలూకు ఖర్చు.

గుడ్లు పెట్టే రోజుల్లో వీటిని చూడడం ఒక విద్య. ముందు ఇద్దరి పట్టీలూ కాటుక రాసినట్టు నల్లబడతాయి. పడుకోబెట్టిన మట్టి పూలకుండీ లోపలి కప్పును నోటితో గీకి గీకి శుభ్రం చేస్తాయి. గుడ్లు పెట్టే ముందు ఆడది ఆ కప్పుకు పొట్ట ఆనించి తలకిందులుగా ఈదుతుంది. వరసగా జిగురు గుడ్లు అంటిస్తూ పోతుంది, వెనకే మగది వచ్చి వాటిని ఫలదీకరిస్తుంది. అక్కడి నుంచి పని పంపకం జరిగిపోతుంది. గుడ్ల దగ్గర ఎక్కువసేపు ఉండేది ఆడది, పొలిమేర తిరిగేది మగది. ఆడది ఛాతీ రెక్కలతో గుడ్ల మీదికి నీళ్ళు విసురుతూనే ఉంటుంది, విసనకర్రతో విసిరినట్టు. గుడ్డు చుట్టూ నీరు కదలకుండా నిలిస్తే లోపలి పిండానికి ప్రాణవాయువు అందదు. చచ్చి తెల్లబడిన గుడ్డుంటే ఏరి తినేస్తుంది, లేకపోతే బూజు పక్కవాటికి అంటుకుంటుంది. కాన్విక్ట్ పగలు తిరిగే చేప, రాత్రి కదలకుండా పడి ఉంటుంది. గుడ్లున్న రోజుల్లో మాత్రం కటిక చీకట్లో కూడా రాత్రంతా విసురుతూనే ఉంటుందని 1991లో కెనడా పరిశోధకులు గమనించారు. బాలింత నిద్ర ఎలాంటిదో తెలిసినవాళ్ళకి ఇది వింతేమీ కాదు.

నీళ్ళు 26, 27 డిగ్రీల్లో ఉంటే మూడో రోజుకి గుడ్లు చిట్లుతాయి. బయటికొచ్చినవి ఇంకా చేపల్లా ఉండవు. పచ్చసొన సంచికి తోక అతికించినట్టుండి, కుప్పగా పడి కొట్టుకుంటుంటాయి. వాటిని నోట్లో పెట్టుకుని ముందే తవ్వి ఉంచిన గుంటలోకి మారుస్తారు. ఉదయం ఒక గుంటలో ఉన్న కుప్ప సాయంత్రానికి ఇంకో గుంటలో ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు తల్లే పిల్లల్ని మింగేసిందని గుండె బాదుకుంటారు. ఇంకో నాలుగైదు రోజులకి సొన అయిపోయి, పిల్లలు ఒక్కసారిగా పొగలా పైకి లేస్తాయి. ఆ పొగ ఎటు కదిలితే అటు తల్లి ఒకవైపు, తండ్రి ఒకవైపు. పెద్దవి అడుగున రెక్కలతో ఇసుక రేపుతాయి, రేగిన మడ్డిలోని సూక్ష్మజీవుల్ని పిల్లలు తింటాయి. వాగుల్లో అయితే రాలిన ఆకుల్ని నోటితో పట్టి తిరగేసి, కింది పురుగుల్ని పిల్లలకి చూపిస్తాయి. చీకటి పడేముందు తప్పిపోయినవాటిని ఒక్కొక్కటే నోట్లో వేసుకొచ్చి గుంటలో ఉమ్మేస్తాయి.

ఇందులో ఒక తెలివైన లెక్క కూడా ఉంది. ఇంకో జంట పిల్లలు దారి తప్పి వస్తే కాన్విక్టులు కొన్నిసార్లు చేర్చుకుంటాయి. అయితే ఎవర్ని పడితే వాళ్ళని కాదు. తమ పిల్లలకన్నా చిన్నవాటినే రానిస్తాయి, పెద్దవాటిని రానివ్వవు. కోస్టారికా వాగుల్లో బ్రయన్ వైజెండెన్, మైల్స్ కీన్లీసైడ్ చేసిన పరిశీలనల్లో ఈ సంగతి బయటపడింది. పెద్ద పిల్ల లోపలికొస్తే చిన్నదాన్ని తినేస్తుంది. చిన్నపిల్ల వస్తే, వేటగాడు వచ్చినప్పుడు మన పిల్ల బదులు అది పోయే అవకాశం ఉంది. ఇంత కరుడుగట్టిన దత్తత ఇంకెక్కడా చూడం.

ఇంత మమకారం ఉన్న జంట ఒకదాన్నొకటి ఎందుకు చంపుకుంటుంది?

జంతువుల ప్రవర్తన మీద పరిశోధనలకు 1973లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో కొన్రాడ్ లోరెంజ్ ఒకడు. బాతుపిల్లలు వెంట నడిచే గడ్డం పెద్దమనిషిగా ఆయన ఫొటో చాలామంది చూసే ఉంటారు. సిక్లిడ్ల తొట్టెల ముందు కూడా ఆయన చాలాకాలం కూర్చున్నాడు. దూకుడు గురించి 1963లో రాసిన పుస్తకంలో ఒక ముచ్చట చెబుతాడు. సిక్లిడ్ జంటల్ని పక్కపక్కనే, మధ్యలో గాజుపలక అడ్డుపెట్టి ఉంచేవాళ్ళు. రెండు కాపురాలూ పలకకి అటూ ఇటూ నుంచుని రోజంతా కయ్యానికి కాలు దువ్వేవి. గాజు ఉంది కాబట్టి ఎవరికీ దెబ్బ తగిలేది కాదు. కొన్నాళ్ళకి గాజుకి పచ్చగా నాచు పట్టేది. పక్కవాడు కనబడ్డం మానేశాక ఏ ఇంటి మగచేప ఆ ఇంటి ఆడచేప మీద పడేది. నాచు గీకి గాజు తుడిస్తే చాలు, మళ్ళీ పక్కింటితో యుద్ధం, ఇంట్లో శాంతి.

అత్త మీద కోపం దుత్త మీద చూపడమని మనకి సామెత ఉంది కదా, దాన్ని తిరగేసి చూడండి. జంట కట్టిన సిక్లిడ్ మగదానికి తరిమే ఆవేశం ఒంట్లో ఊరుతూనే ఉంటుంది. పిల్లల కాపలాకి అది లేకుండా కుదరదు. ఆడది ఎదురుగా వచ్చినప్పుడు కూడా ఆ ఆవేశం లేస్తుంది, ఎందుకంటే అది కూడా తన చోట్లో కదులుతున్న ఒక చేపే. మామూలుగా ఏం జరుగుతుందంటే, ఆడదాని వైపు దూసుకొచ్చిన మగది చివరి క్షణంలో పక్కకి తప్పుకుని, పొలిమేర మీదున్న పరాయి చేపని తరుముతుంది. కోపం బయటికి పోయింది, కాపురం నిలిచింది. ఆ పరాయి చేపని నేను తొట్టె నుంచి తీసేశాను. అత్త లేకపోయేసరికి దుత్త పగిలింది.

సిక్లిడ్ల దూకుడు మీద చేసిన ఇలాంటి ప్రయోగాల్లో బాగా వాడిన చేపల్లో ఒకటి మన దేశానిదే కావడం నాకు సరదాగా అనిపిస్తుంది. ఆరెంజ్ క్రోమైడ్ అనే చిన్న పసుపు చేప దక్షిణ భారతం, శ్రీలంకల ఉప్పుకయ్యల్లో బతుకుతుంది. దాని పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును కొరికి తింటాయి. దాని అన్నలాంటిది కేరళవాళ్ళ కరిమీన్, అంటే పెర్ల్‌స్పాట్. కేరళ 2010లో దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. మన పులికాట్ సరస్సులోనూ దొరుకుతుంది. ఇండియాకి సొంతమైన సిక్లిడ్లు మూడే జాతులు. వాటి దగ్గరి చుట్టాలు మడగాస్కర్‌లో ఉన్నాయి. తిలాపియా మాత్రం మనది కాదు, 1952లో ఆఫ్రికా రకాన్ని తెచ్చి చెరువుల్లో వదిలారు.

వాగులో ఇంత రక్తపాతం ఎందుకుండదు? అక్కడ పోట్లాట ఒక పద్ధతిగా నడుస్తుంది. ముందు ఒకరికొకరు పక్క చూపించుకుని రెక్కలు విప్పుతారు, అంటే ఒడ్డూ పొడుగూ చూసుకోవడం. తర్వాత తోకతో ఎదుటివాడి ఒంటి మీదికి నీళ్ళు నెడతారు, అంటే బలం తూచుకోవడం. అప్పటికీ తేలకపోతే నోళ్ళు పట్టుకుని లాక్కుంటారు. స్వీడన్ పరిశోధకులు 1990లో నన్నకారా అనే చిన్న సిక్లిడ్ మీద లెక్కకట్టి చూశారు. బరువులో తేడా ఎక్కువగా ఉన్న జోడీల్లో తగువు తొందరగా ముగిసింది, సమానంగా ఉన్నవాటి మధ్య సాగింది. పోట్లాట నిజానికి కొలత. కొలత తేలగానే ఓడినవాడు రంగు తగ్గించుకుని, రెక్కలు ముడుచుకుని పారిపోతాడు. గెలిచినవాడికి కావలసింది కూడా అంతే.

తొట్టెలో ఆ చివరి మెట్టు లేదు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టెలో 255 లీటర్లు పడతాయి. హాల్లో అదే పెద్ద వస్తువులా కనబడుతుంది. కానీ కాన్విక్ట్ మగది ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు సెకన్లలో పోగలదు. ఓడిన చేప ఎంత లొంగిపోయినా, గెలిచినవాడి కంటికి అది ఇంకా వెళ్ళని చొరబాటుదారే. అందుకే మళ్ళీ కొడతాడు. ఇందులో కసి లేదు, దూరం లేదు అంతే.

కాబట్టి పెంపకందారు చేతిలో ఉన్నవి మూడే: దూరం, చూపు, పొరుగు. దూరాన్ని కొంతవరకే పెంచగలం, అందుకని చూపును విరగ్గొట్టాలి. పెద్ద రాళ్ళు, చెట్టు మోళ్ళు, నిలువుగా పెట్టిన పలకలు అడ్డుంటే తరిమేవాడికి ఎదుటివాడు కనబడడు, కనబడకపోతే సగం కోపం చల్లారుతుంది. ఆడది పట్టి, మగది పట్టని కన్నం ఉన్న కుండీ ఒకటి తప్పనిసరి. ఆడదాని ప్రాణం చాలాసార్లు ఆ కన్నం మీదే నిలబడుతుంది. పొరుగు కోసం రెండు రకాల ఏర్పాట్లున్నాయి. పైపైన గుంపుగా తిరిగే జెయింట్ డానియోల్లాంటి వేగం చేపలు ఒకటి. వాటిని తరిమి తరిమి మగది అలుస్తుందే గానీ పట్టుకోలేదు. ఇంకోటి లోరెంజ్ పద్ధతి: గాజుపలకకి అవతల మరో జంట, లేదా మరో మగది. నా తొట్టె మధ్యలో ఇప్పుడు ఆ పలకే ఉంది. తగిన గాజు ముక్క కోయించి సిలికాన్‌తో అతికించడానికి ఒక ఆదివారం పట్టింది.

జంటను మనం కూర్చడం కన్నా వాటంతట అవి కూర్చుకోనివ్వడం మేలు. పాత పెంపకందార్లు ఆరేడు చిన్న పిల్లల్ని తెచ్చి కలిపి పెంచుతారు. పెద్దయ్యాక ఒక ఆడా ఒక మగా విడిగా తిరగడం మొదలవుతుంది, మిగతావాటిని తీసేస్తారు. ఆస్కర్లలాంటివాటికి వేరే దారే లేదు, ఆడో మగో పైకి చూస్తే తెలియదు. ఇందులో చాదస్తం లేదని ఫ్రాన్స్‌లోని బర్గండీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ప్రచురించిన పరిశోధన చూస్తే అనిపిస్తుంది. ఆడ కాన్విక్టులకి డబ్బా మూతలు తీయడం నేర్పారు. ఒక రంగు మూత తీస్తే తిండి ఉంటుంది, రెండో రంగుది తీస్తే ఉండదు. తర్వాత రెండిటికీ మధ్యస్థమైన రంగు మూత పెట్టారు. తాము మెచ్చిన మగదానితో ఉన్న ఆడవి దాన్ని తొందరగా తీసి చూశాయి. మెచ్చిన తోడును తీసేసి, వద్దనుకున్నదాన్ని పెట్టినప్పుడు మాత్రం తాత్సారం చేశాయి. అనుమానంగా ఉన్నచోట ఏమీ దొరకదులే అన్న ధోరణి అది. చేపకి మనసుందా అని అడిగితే నేను జవాబు చెప్పను గానీ, జంట కూర్చేటప్పుడు దాని ఇష్టాన్ని లెక్కలోకి తీసుకుంటాను.

ఫ్లవర్‌హార్న్ పెంచేవాళ్ళది ఇంకో గోల. అది 1990ల్లో మలేసియాలో మధ్య అమెరికా సిక్లిడ్లను సంకరం చేసి తయారుచేసిన చేప. నుదుటి బుడిపె పెరిగితే ఇంటికి కలిసొస్తుందని నమ్మి మన ఊళ్ళలో కూడా వేలు పోసి కొంటారు. మగది ఆడదాన్ని ఒక్క నిమిషం కూడా బతకనివ్వని జోడీలుంటాయి. అలాంటప్పుడు మధ్యలో ప్లాస్టిక్ జాలీ పెడతారు. ఆడది జాలీ పక్కనే రాయి మీద గుడ్లు పెడితే, మగది అవతల నుంచి వీర్యం వదులుతుంది, నీటి ప్రవాహం దాన్ని ఇటు తెస్తుంది. అన్నీ చేసినా కొన్ని మగవాటికి సంతానశక్తే ఉండదు. సంకరానికి అదొక మూల్యం.

మలావీ సరస్సు రాతి చేపల దగ్గరకొస్తే ఈ సూత్రాలన్నీ తారుమారు. అక్కడ జంటలుండవు. ఆడది గుడ్లను నోట్లోనే పెట్టుకుని దాదాపు మూడు వారాలు తిండి లేకుండా మోస్తుంది. మగదానికి పని లేదు, చోటు పిచ్చి మాత్రం ఉంటుంది. పెంపకందార్లు ఒక మగదానికి నలుగురైదుగురు ఆడవాళ్ళని ఇచ్చి, పైగా తొట్టెని కావాలనే కిక్కిరిసేలా నింపుతారు. తరమాల్సినవాళ్ళు ముప్ఫై మంది ఉంటే ఏ ఒక్కరికీ చావుదెబ్బ తగలదు. కొత్త చేపని దించే రోజున రాళ్ళన్నీ తీసి వేరేగా పేరుస్తారు. సరిహద్దులన్నీ చెరిగిపోయి, పాతకాపుకీ కొత్తకాపుకీ తేడా లేకుండా పోతుంది. కిక్కిరిసిన తొట్టెకి ఫిల్టర్ కూడా రెండింతలుండాలి సుమా.

నీళ్ళ గురించి రెండు మాటలు చాలు. చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమోనియాని తినే బాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి నెలా నెలన్నర పడుతుంది, ఆ లోపల జంటను దించొద్దు. కుళాయి నీటిలో క్లోరిన్ విరగ్గొట్టాలి. మన బోరు నీటి గట్టితనం కాన్విక్టులకి అడ్డం కాదు. వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మార్చండి.

పిల్లల తిండి దగ్గర మాత్రం చేయి తిరగాలి. పొగలా లేచిన రోజు నుంచే వాటికి ఆకలి. ఆర్టీమియా గుడ్లని ఉప్పునీటిలో వేసి గాలి కొట్టిస్తే, 28 డిగ్రీల దగ్గర ఒక రోజు తిరిగేసరికి నారింజరంగు నలుసులు పొదుగుతాయి. ఉప్పు లీటరుకి పాతిక గ్రాములు. వాటిని వడకట్టి, మంచినీళ్ళతో కడిగి పోస్తే పిల్లల పొట్టలు గంటలో నారింజరంగుకి తిరుగుతాయి. ఉడికించిన గుడ్డు సొన గుడ్డలో పిండి వేయొచ్చు గానీ, చిటికెడు ఎక్కువైతే నీళ్ళు చెడతాయి. మామూలు ఫిల్టర్ పిల్లల్ని లాగేస్తుంది, ఈ నెలంతా స్పాంజ్ ఫిల్టరే నడవాలి. తొలికాన్పు గుడ్లని చాలా జంటలు తినేస్తాయి. రెండోసారికో మూడోసారికో నేర్చుకుంటాయి, తొందరపడి జంటను విడదీయకండి.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. నూట యాభై కాన్విక్ట్ పిల్లల్ని ఏం చేస్తారు? దుకాణాలవాళ్ళు చూడగానే చేతులు ఊపుతారు, ఇంత తేలిగ్గా పుట్టే చేపకి ధర పలకదు. చెరువులో వదిలేద్దామన్న ఆలోచన మాత్రం రానివ్వకూడదు. ఆస్ట్రేలియాలో ఒక విద్యుత్ కేంద్రం వెచ్చటి నీళ్ళ చెరువులో ఎవరో పోసిన కాన్విక్టులు అక్కడే స్థిరపడి సంతతి పెంచుకున్నాయి. మన చెరువులకి ఏడాది పొడుగునా ఆ వెచ్చదనం ఉంది. తీసుకునేవాళ్ళని ముందే మాట్లాడి పెట్టుకోవాలి, లేదా గుడ్లు పెట్టిన ప్రతిసారీ పెంచకూడదు.

తోక తెగిన ఆ ఆడచేప బతికింది. మూడు వారాలు ప్లాస్టిక్ టబ్బులో విడిగా ఉంచితే తోక మళ్ళీ మొలిచింది, మొలిచిన భాగం కొంచెం పారదర్శకంగా ఉంటుంది. మధ్యలో పలక అతికించి, అవతల ఇంకో మగదాన్ని దించాక దీన్ని తిరిగి వదిలాను. మగది దూసుకొచ్చింది, పక్కకి తిరిగింది, గాజు మీద పడింది. పదో రోజున గుడ్లు. ఇది రాస్తున్నప్పటికి పిల్లలకి ఐదో వారం. నిన్న సాయంత్రం తల్లి పొట్ట మీద నారింజరంగు మళ్ళీ చిక్కబడింది. కుండీ దగ్గరికొచ్చిన ఒక పిల్లని మొదటిసారి ముక్కుతో పొడిచి తరిమింది. రేపు ఉదయానికల్లా రెండో టబ్బులో నీళ్ళు నింపి సిద్ధం చేయాలి. పలకకి పట్టిన నాచు కూడా గీకాలి.